యార్డుకు అంబులెన్స్‌ను పిలిచిన వాచ్

నేను గింత మెల్లగ కూసుంటున్ననని నవ్వకుండ్రి. మొన్న కేసముద్రం మార్కెట్ యార్డుకు అంబులెన్స్ వచ్చిందన్నరు గద, అది నాకోసమే. అట్లని నేను పడలే, ఒంటి మీద గీత గూడ లేదు. ముందుగాల చాయ్ చెప్పుండ్రి, మొత్తం జెప్త.

నలభై ఏండ్లు గదే యార్డుల హమాలి పని చేసినోన్ని. మా ముసల్ది పోయినంక స్టేషన్ దగ్గర ఒక్క అర్రల ఒక్కన్నే ఉంటున్న. నా కూర నేనే వండుకుంట, నా బట్టలు నేనే పిండుకుంట. మా బిడ్డ సరోజన మరిపెడల నర్సు. "బాపు, మా ఇంటికాడ ఉండు" అని రోజు పోరు పెడ్తది. నేను ఇనకపోతే చేతికి స్మార్ట్ వాచ్ తెచ్చి కట్టింది. మనిషి పడితే అదే గుర్తుపట్టి ఆమెకు ఫోన్ చేస్తదట, ఏడున్ననో గూడ చూపెడ్తదట. మందులేళకు, నీళ్లేళకు చెయ్యి మీద గుర్రుమంటది.

"బస్తా ముట్టొద్దు. పడ్డవని ఒక్కపాలి ఫోన్ వచ్చినా మరిపెడకే" అన్నది. సరే అన్న.

మొన్న పొద్దున ఊకెనే యార్డు దిక్కు పోయిన. మక్కల బస్తాలు దించుతున్నరు. ఒకాయిన దించిన బస్తా అడ్డం పడి, మూతి ఊడి, మక్కలన్ని నేలపాలైనయ్. నాకు పాణం ఆగలే.

"గట్ల కాదుర, బస్తా నిలవడాలె" అన్న.

మేస్త్రి సమ్మయ్య నవ్విండు. "మాటలు మస్తు జెప్తవ్ ఎల్లన్న. ఏదీ, దించి సూపెట్టు."

ఇంకేముంది. అంగీ ఇడిసి కాంటకు తగిలేసిన, జేబుల ఫోన్‌తో సహా. బస్తా వీపుకెత్తిచ్చుకొని పదడుగులు నడిచిన. నడుం తిప్పి ఒక్క ఇసురు. ధన్మని బస్తా నిటారుగ నిలవడ్డది, ఒక్క గింజ రాలలే. అందరు సప్పట్లు కొట్టిండ్రు. అరవై తొమ్మిదేండ్ల వీపు గది, ఏమనుకుంటుండ్రు. అసలు సంగతేందంటే ఆయాసం తన్నుకొచ్చింది. అది వీళ్లకు కనవడొద్దని పక్క బస్తాల మీద ఎల్లెలకల పండి కండ్లు మూసుకున్న. వాచ్ గుర్రుమన్నది. నీళ్లేళ అయ్యింది తియ్, తాగుత అనుకున్న.

ఇరవై నిమిషాలకు కుయ్‌కుయ్‌మని అంబులెన్స్. "ఎవలో ముసలాయిన పడ్డడట" అన్నడు దాంట్లకెళ్లి దిగినాయిన. నాకంటె ముందు ఉరికినోడు లేడు. అడ్డమున్న ట్రాక్టర్లు తీపిచ్చిన. "జరుగుండ్రి, పాపం పెద్దమనిషి" అని అందరిని జరిపిన. స్ట్రెచర్ ఒక దిక్కు నేనే పట్టుకున్న. మిర్చి షెడ్డు, పత్తి షెడ్డు అన్ని తిరిగినం. ఆఖరికి నాకే యాష్టకొచ్చి, "ఇంతకు ఆయిన పేరేందయ్యా?" అని అడిగిన.

ఆయిన ఫోన్ల చూసి చదివిండు. "ఎల్లయ్య. ఎడమ చేతికి నల్ల వాచ్ ఉంటదట."

అందరు నా ఎడమ చేతి దిక్కు చూసిండ్రు. దాంతోనే స్ట్రెచర్ పట్టుకున్న.

బీపీ చూస్తే మంచిగనే ఉన్నది. కని గంటకు సరోజన వచ్చింది, డ్యూటీ బట్టల మీదనే. "నువ్వు పడ్డవని వాచ్ చెప్పింది. ఎనిమిది సార్లు ఫోన్ చేసిన బాపు, ఎత్తకపోతే అంబులెన్స్‌ను పంపిన" అని నా చెయ్యి పట్టుకున్నది. మళ్ల మళ్ల నాడి చూసింది. నాకు సిగ్గయింది, బాధ గూడ అయింది.

"పడలే బిడ్డ, బస్తా ఇసిరి దించి జర పండుకున్న, గది చూసి వాచ్ పడ్డననుకున్నది" అని ఒప్పుకున్న.

"ఒక్క గింజ రాలలే బిడ్డా" అన్నడు సమ్మయ్య, నన్ను కాపాడుదామని.

సరోజన ఆ బస్తాను చూసింది, నన్ను చూసింది. ఇగ నా సామాన్లు సదురుడే అనుకున్న. నా చేతి వాచ్ పట్టీ ఇంకింత బిగించింది. "నువ్వు నిజంగ పడ్డా ఇరవై నిమిషాల్ల మనుషులొస్తరని తెలిసింది. ఉండు, నీ అర్రల నువ్వే ఉండు. కని ఇంకోపాలి ఉత్తగ మోగిందనుకో, నేనే వచ్చి తీస్కపోత."

గసొంటి బిడ్డను కన్న. నా అర్ర నాకే ఉన్నది, గది చాలు.

క్వింటాల్ బస్తాకు భయపడనోన్ని, ఇప్పుడు బల్ల మీద కూసోవాలన్నా గీ వాచ్ దిక్కు చూసుకుంట కూసుంటున్న. ఆ చాయ్ గిలాస గూడ జర మెల్లగ పెట్టుండ్రి.