ఉస్తాద్ బ్యూగిల్, నా ముందుపన్ను

మా రైలు ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్‌లో ఆగేసరికి పొద్దున ఏడయింది. డిసెంబరు నెల. ఢిల్లీలో మెట్రో కొత్తగా నడుస్తున్న రోజులు. ప్లాట్‌ఫారం మీద దిగితే నా బూట్లు నాకే కనపడలేదు, అంత పొగమంచు. భుజాన కిట్ బ్యాగు, తల మీద ఉన్ని టోపీ, కోటు లోపల గుడ్డలో చుట్టిన బ్యూగిల్ మూతిముక్క. చలికి ఆ ఇత్తడి పెదవికి అతుక్కుంటుంది, అందుకే దాన్ని ఛాతీకి ఆనించి పెట్టుకునేవాణ్ణి. పాలం వైపు దిగే విమానాలు తల మీదే మోగేవి, ఒక్కటీ కనపడేది కాదు. తుమ్మచెట్లలో ఎక్కడో నెమళ్ళు అరుస్తుండేవి.

మీరంతా సరిహద్దు కథలు చెప్పమంటారు. అవి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. నేను బ్యూగ్లర్ని, పటాలంలో బాకా ఊదేవాణ్ణి. ఆ ఢిల్లీ డ్యూటీలో నా మీద జరిగిన దాడంతా ఒక్క పన్ను మీదే జరిగింది. నవ్వుకోండి, నాకేం.

ఆరింటికి మేలుకొలుపు ఊదాలి. పొద్దుగూకేటప్పుడు జెండా దించుతుంటే రిట్రీట్ ఊదాలి. నాకు నేర్పింది శ్రీకాకుళం హవల్దారు. ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. ఆయన మాత్రం ఊదడు. వెనకటికి మంచుకొండల మీద పోస్టులో ఉండగా ముందుపన్నుకి చీము పట్టింది. దారులు మూసుకుపోయాయి, డాక్టరు లేడు, ఉన్న నర్సింగ్ అసిస్టెంటు పీకేశాడు. బ్యూగిల్ ఊదేవాడికి పైపెదవి వెనక పళ్ళే గోడ. గోడ పడిపోయాక గాలి నిలవలేదు. కట్టుడు పన్ను పెట్టించినా ఒత్తిడికి ఊగిపోయేదట. దాన్ని పెట్టెలో పారేసి, నోటితో పాడుతూ పిల్లకాయలకి నేర్పుకుంటూ బతికాడు.

జనవరి ఆఖరుకి ఆయన పెన్షన్ మీద ఇంటికి వెళ్ళాలి. మా పటాలంలో ఒక ఆనవాయితీ ఉంది. వెళ్ళిపోయే బ్యూగ్లర్ ఆఖరి సాయంత్రం రిట్రీట్ తనే ఊదాలి. ఊదలేకపోతే, అతని బ్యూగిల్ తీసుకుని అతని శిష్యుడు ఊదాలి. ఆ శిష్యుణ్ణి నేను. ఆయన ఆ బ్యూగిల్‌ని ఇంకొకడి చేతికి ఇవ్వడని అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడు వాలీబాల్ ఆడుతుంటే ఒకడి మోచెయ్యి నా మూతికి తగిలింది. నెత్తురు రాలేదు, పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి పైన ముందుపన్ను సలపడం మొదలైంది. టీ తాగితే నొప్పి, గాలి పీలిస్తే నొప్పి, మూతిముక్క ఆనిస్తే కళ్ళలో నీళ్ళు. ఉస్తాద్ కనిపెట్టాడు. పక్కకి లాక్కెళ్ళి మెల్లగా అన్నాడు.

"ఆసుపత్రిలో సెప్పకురా. సెప్తే పీకేత్తారు. పీకేత్తే నీ బతుకూ నా బతుకే."

లవంగాలు నమిలాను. మూతిముక్కని కాస్త పక్కకి జరిపి ఊదాను. స్వరం వంకరపోయింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే నొప్పి లేదు. పూర్తిగా లేదు. ఉస్తాద్ ముఖం వెలిగిపోయింది, క్యాంటీన్ నుంచి జిలేబీ తెచ్చి తినిపించాడు. ఇద్దరం వెర్రివాళ్ళలా నవ్వుకున్నాం.

తర్వాత నాలుగు రోజులకి పైపెదవి ముక్కుదాకా వాచిపోయింది. జ్వరం. ఇక దాచేదేముంది? ఉస్తాదే నన్ను దంత విభాగానికి తీసుకెళ్ళాడు. అక్కడ పళ్ళ డాక్టరు ఒక కెప్టెన్ మేడం, మా చెల్లెలి వయసుంటుంది. పీకడానికి వీల్లేదని ఉస్తాద్ సెల్యూట్ కొట్టి మరీ పోట్లాడాడు. ఆమె కోప్పడలేదు. ఎక్స్‌రే తీసి, ఆ చిన్న ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుంది. కిటికీ అవతల తెల్లటి మంచు. ఆ తెలుపులో నా పన్ను తేలుతోంది. దాని నడుమ నరం ఉండే సన్నటి గీత, వేరు కొసన నల్లటి మచ్చ.

దెబ్బకి లోపలి నరం చచ్చిపోయింది, చచ్చింది కనకే నొప్పి ఆగింది, కానీ ఆ ఖాళీలో చేరిన కుళ్ళు వేరు దాటి ఎముకలోకి దిగుతోంది అని ఆమె హిందీలో ఓపిగ్గా చెప్పింది. ఉస్తాద్ వంగి ఆ మచ్చ వంక చూశాడు.

"అంటే సెంట్రీ సచ్చిపోయేడ్రా," అన్నాడు నాతో. "కేక ఆగింది గదా అని మనం గెలిసేం అనుకున్నాం."

చచ్చిన పన్ను నిలబడుతుందా అని ఆమెను అడిగాడు. నిలబడుతుందంది. పన్నుని పట్టుకునేది లోపలి నరం కాదు, చుట్టూ ఉన్న ఎముక. వెనకవైపు చిన్న రంధ్రం చేసి, లోపలంతా శుభ్రం చేసి, గాలి చొరకుండా మూసేస్తానంది. అదే రూట్ కెనాల్ అంది. అది పూర్తయ్యేదాకా ఊదడం బంద్.

ముందు మందులతో వాపు తగ్గించారు. తర్వాత కొన్ని విడతలు కుర్చీలో పడుకున్నాను. సూది గుచ్చాక పెదవి నాది కాకుండా పోయేది. సన్నటి ఇనప పుల్లలు పన్నులో పైకీ కిందకీ ఆడుతుంటే చప్పుడు మాత్రం తెలిసేది, నొప్పి లేదు. దీపం చుట్టూ మంచు పట్టినట్టుండేది. ఒకసారి నిజంగానే నిద్రపట్టింది. కలలో ఎవరో మేలుకొలుపు ఊదుతున్నారు, అది నా బ్యూగిలే, ఊదేవాడి ముఖం మాత్రం కనపడదు. ఆఖరి విడతలో ఆ గీతంతా రబ్బరులాంటి పదార్థంతో నింపి మూసేసింది. కొత్త ఎక్స్‌రేలో వేరు కొసదాకా తెల్లగా ఉంది. ఇక ఊది చూడమంది. భయపడకు, పన్ను నీదే అంది.

నాకు భయమే. అది ఉస్తాద్ ఆఖరి సాయంత్రం, ఐదున్నర దాటింది. జవాన్లు వరసలో నిలబడ్డారు. ఉస్తాద్ మెడలో బంతిపూల దండ. ఆయన బ్యూగిల్ తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మూతిముక్క వెచ్చగా ఉంది, ఎప్పటినుంచి గుప్పిట్లో పట్టుకున్నాడో. ఆనించాను. పన్ను కదల్లేదు. మొదటి స్వరం నిటారుగా మంచులోకి వెళ్ళింది. జెండా మెల్లగా దిగుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఊపిరి చెడుతుందని మింగేశాను.

ఉస్తాద్ మర్నాటి రైలుకే వెళ్ళిపోయాడు. మరి కొన్నాళ్ళకి నేనూ సర్వీసు ముగించుకుని మా ఊరు గిద్దలూరు తిరిగొచ్చాను. ఆ పన్ను ఇప్పటికీ నా నోట్లోనే ఉంది, కాస్త రంగు తగ్గింది, అంతే. పన్ను నొప్పి దానంతటదే పోయిందని ఎవరైనా సంతోషపడితే నేను ఊరుకోను, తిట్టి మరీ డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

ఢిల్లీ చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం పోదు. ఊదుతూ ఊదుతూ ఓరకంట ఉస్తాద్ వైపు చూశాను. అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. నేను ఊదిన ప్రతి స్వరానికీ ఆ పన్ను లేని సందులోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. నేను ఆపినచోట, అదీ ఆగింది.