రాణి బొమ్మకు కాళ్ళు లేవు

మా కొయ్యబొమ్మల్లో రాజుకు కాళ్ళున్నాయి, బంటుకు కాళ్ళున్నాయి, ఆఖరికి రాజుగారి గుర్రానికి కూడా నాలుగు కాళ్ళూ ఉన్నాయి. రాణికి మాత్రం లేవు. నడుము దాకా కొయ్య, ఆ కింద పావడా, అంతే. రాణి నాట్యం చేస్తుంటే జనం వినే గజ్జెల చప్పుడు, తెర వెనక నిలబడి ఆమెను ఆడించే మనిషి కాళ్ళది. ఆ మనిషి ఎప్పుడూ మగవాడే.

మాది మదనపల్లె. మా ఇంట్లో మగవాళ్ళు బొమ్మలు ఆడిస్తారు. ఆడవాళ్ళు ఆ బొమ్మలకు బట్టలు కుడతారు, తెర పక్కన కూర్చుని పాడతారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారని చిన్నప్పుడు తాతను అడిగితే రాజుల కాలం నుంచీ అంతే అనేవాడు. తాత చెప్పే చరిత్రలో ఈ చుట్టుపక్కల ఏలిన ప్రతి రాజూ రాజ్యం పనులు మానుకుని మా వాళ్ళ ఆట చూసినవాడే. గుర్రంకొండ కోటలో ఆడామనేవాడు, పుంగనూరు జమీందారు వాకిట్లో ఆడామనేవాడు. ఎంత నిజమో నాకు తెలియదు. వానలు లేని సంవత్సరాల్లో పల్లెలవాళ్ళు పిలిచి మరీ ఆడించుకునేవారని, బొమ్మలాడితే మేఘం కదులుతుందని నమ్మేవారని మాత్రం నాయన చెప్పేవాడు. టీవీలు వచ్చాక మేఘాన్ని కదిలించే పని మాకు తప్పింది.

మా బంటు బొమ్మ పుంగనూరులో కన్నడం కలిపి మాట్లాడుతుంది, కుప్పంలో తమిళం కలిపి తిడుతుంది, మదనపల్లె బజారులో ఉర్దూలో బేరమాడుతుంది. ఊరూరికీ నాలుక మార్చుకున్న ఆట, ఆడదాని కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మారనంటుంది. అక్కడే నాకు ఒళ్ళు మండేది.

రాణిని ఆడించాలంటే గుడ్డ చుట్టిన ఇనుప కడియం తల మీద పెట్టుకోవాలి. బొమ్మ బరువంతా ఆ కడియం నుంచి దిగిన దారాల మీద ఉంటుంది. రెండు చేతుల్లోనూ రెండు చువ్వలు, వాటితో బొమ్మ చేతులు కదులుతాయి. మనం తల ఎత్తితే రాణి తల ఎత్తుతుంది, మనం దించితే దించుతుంది. నాయన జీవితమంతా ఆ బరువు మోశాడు. పోయిన వేసవిలో మెడ ఎముకలు అరిగాయని, ఇక తల మీద ఏదీ పెట్టకూడదని డాక్టరు చెప్పి, మెడకు పట్టీ వేసి పంపించాడు.

అప్పటికే కుప్పం జాతరకు, ఆ తరవాత పుంగనూరుకు ఆట ఒప్పుకున్నాం. నాయన తమ్ముడు, మా చిన్నాయన, జట్టుకు పెద్ద. రాజు బొమ్మ ఆయనది.

"రాణి లేకుండానే కానిద్దాం. అమ్మగారికి ఒళ్ళు బాగలేదు, లోపల పండుకోనుండాదని బంటుతో ఒక మాట సెప్పిస్తే సరి" అన్నాడు.

రాణి లేని ఆటను కుప్పంవాళ్ళు రెండోసారి పిలవరు. మా ఇంట్లో పెట్టెలోకి పోయిన బొమ్మ మళ్ళీ బయటికి రాదు. రాక్షసుడికి అదే జరిగింది. ఎత్తుకునేవాళ్ళు లేక పెట్టెలో పడేస్తే ఆయన్ను చెదలు తినేశాయి. నేను పావడా కుట్టిన రాణిని చెదలకు వదిలే ఓపిక నాకు లేదు.

"నేనాడిస్తా" అన్నాను.

చిన్నాయన నా వైపు కాకుండా నాయన వైపు చూశాడు. "ఆడబిడ్డ గజ్జె కడితే రేపు బజార్లో నేను తల యాడ పెట్టుకోవల్ల?"

"నీ తల సంగతి నువ్వు సూసుకో చిన్నాయనా. బొమ్మ ఉండేది నా తల మీద."

"బరువుమ్మే అది. మెడ ఇరుగుతాది."

"కొళాయి రాని దినం ట్యాంకరు కాడ బిందెలు ఎవురు మోస్తాండారు ఈ ఇంట్లో? అప్పుడు మా మెడలు ఇరగవా?"

అమ్మ వంటింట్లోంచి బయటికి కూడా రాలేదు. అక్కడి నుంచే అంది: "పాట నాది, పావడా దానిది. కాళ్ళు మాత్రం యాల మీవి కావల్ల?"

నాయన లేచి పెట్టె తీసి, కడియమూ గజ్జెలూ తెచ్చి నా ముందు పెట్టాడు.

మొదట్లో నా చేతిలో రాణి, నడుం పట్టేసిన ముసలమ్మలా ఊగింది. "తల ఆడించొద్దమ్మా, రాణి తాగినట్టుండాది" అని నాయన నవ్వేవాడు. నవ్వితే ఆయనకు మెడ నొప్పి. పట్టీ పట్టుకుని మరీ నవ్వేవాడు. నాకు కోపం వచ్చేది. ఆ కోపంతోనే నేర్చుకున్నాను.

చిన్నాయన దిగివచ్చాడు గానీ షరతులతో వచ్చాడు. నడుము ఎత్తున కట్టే కింది తెర నేలను తాకాలి. మైకులో నా ఊసు రాకూడదు. ఆట అయ్యాక ఆడించినవాళ్ళు గజ్జెలతోనే తెర ముందుకు వచ్చి జనానికి దండం పెట్టడం మా పద్ధతి. ఆ గజ్జెలు నేను విప్పి నాయనకు ఇవ్వాలి, నా బదులు నాయన వెళ్ళాలి. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. నేలను తాకేలా తెర కుట్టాను.

కుప్పంలో పొద్దు గుంకగానే ఆట మొదలైంది. కథలో రాజు రాణి మీద అనుమానపడి కోట వదిలి పొమ్మంటాడు. రాణి పోనంటుంది. అక్కడ అమ్మ గొంతెత్తి పాట అందుకుంది. నేను తల ఎత్తాను. తెర అవతల రాణి తల ఎత్తింది. ఈలలు పడ్డాయి. మెడ మండుతోంది, కడియం కింద నుంచి చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. అయినా నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. రాజు బొమ్మ రెండడుగులు వెనక్కి వేయాలి. చిన్నాయన మూడు వేశాడు.

ఆట అయిపోయింది. జాతర పెద్ద శాలువ పట్టుకుని మైకు అందుకున్నాడు. "రాణిని ఆడిచ్చినాయన ముందరికి రావల్లప్పా!"

చిన్నాయన నాకు సైగ చేశాడు, గజ్జెలు విప్పమని. నేను విప్పలేదు. వేరే దారి లేక నాయనను ఉత్త కాళ్ళతోనే ముందుకు తోశాడు. జాతర పెద్ద నాయన మెడ చూశాడు, కాళ్ళు చూశాడు.

"మెడకు పట్టీ ఏసుకోని అంత బరువు ఎట్ల మోస్తివప్పా? గజ్జెలు యాడ?"

"గజ్జెలు ఈడ ఉండాయి" అంటూ నేను తెర ఎత్తి బయటికి వచ్చాను.

జాతర పెద్ద చేతిలో శాలువ చేతిలోనే ఉండిపోయింది. "ఆడబిడ్డకు నేనెట్ల కప్పేది?" అన్నాడు, మైకు చేతిలో ఉందని మరిచిపోయి.

"ఇంతసేపు బరువు మోసిన మెడ ఇదే కదప్పా. దీనికే కప్పు."

ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఈల వినిపించింది. ఆయన శాలువ నాయనకు అందించాడు. నాయన అది నాకు కప్పాడు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

తిరుగు బస్సు పలమనేరు దాటాక చిన్నాయన ఇంత మాట అన్నాడు: "పుంగనూరు ఆటకు కింది తెర ఇంకా పొడుగు కుట్టు. నువ్వు ఎగిరేటప్పుడు గుడ్డ లేచి కాళ్ళు కనపడతాండాయి."

పుంగనూరు ఆటకు గుడ్డ తెచ్చాను, ఇప్పుడు నా మిషను మీదే ఉంది. కొలత వేసింది నేనే, కత్తిరించింది నేనే. నడుము ఎత్తు నుంచి దిగి మోకాళ్ళ దగ్గర ఆగుతుంది. రాణి కాళ్ళు ఎవరివో పుంగనూరు చూస్తుంది.