అరటికి పేరు పెట్టే మనిషి

మా ఒకినావా దీవిలో రెండు రకాల అరటి పెరుగుతుంది. ఒకటి తినడానికి, ఒకటి నార తీసి బట్ట నేయడానికి. గెల వేసేదాకా రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరి పెరట్లో తెలియని అరటి లేచినా హెషికి గారు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేస్తారు. అటవీ కార్యాలయం తలుపు దగ్గర పాతికేళ్ళు కూర్చున్న అనుభవం ఆయనది. ఆకు గిల్లి, వాసన చూసి, నాలుకకు తాకించి కళ్ళు మూసుకుంటారు. అవి తెరిచేలోగా ఇంటివాళ్ళు టీ, నల్లబెల్లం పట్టుకుని నిలబడాలి.

నాబె అవ్వ పెరట్లో తుఫాను తర్వాత లేచిన పిలక మూడేళ్ళకు ఏపుగా ఎదిగింది. చూపు పూర్తిగా పోకముందే చివరిగా ఒక బట్ట నేయాలని ఆమె ఆశ. పువ్వు వేస్తే నార ముదిరి పనికిరాదు. అందుకే చలికాలంలోనే కొట్టబోయింది.

"కొడతావా? ఇది పళ్ళ అరటి పెద్దమ్మా. నీకేం కనిపిస్తుందని? నేను చెబుతున్నాగా," అన్నారు అప్పుడే వచ్చిన హెషికి గారు. ఆమె కత్తి లోపల పెట్టేసింది.

గెల వచ్చింది. మొదటి పండు ఆయనే ఒలుచుకున్నారు. నోటినిండా రాళ్ళలాంటి నల్లగింజలు పటపటలాడాయి. ఉమ్మేసి, మూతి తుడుచుకున్నారు.

"నార అరటని నేను అప్పుడే అన్నాను. నువ్వే కొట్టలేదు."

"అన్నావులే నాయనా," అంది అవ్వ. నేల తడుముకుంటూ ఆ గింజలన్నీ ఏరి ఆయన చేతిలో పోసింది. ఆయన వాటిని జేబులో వేసుకుని, అరుదైన విత్తనాలు దొరికాయంటూ పక్కింట్లో టీకి కూర్చున్నారు.