ఆయన నింపనివ్వని గడి

మొన్న పొద్దున ఆఫీసు ప్యూను ఛత్రినాకలో మా ఇంటికొచ్చి, మా సెక్షన్ సార్ పోయారని చెప్పాడు. "అట్లనా" అన్నాను. లోపలికెళ్ళి అన్నం వార్చాను. ఏడుపు రాలేదు. ఇంకా రాలేదు.

మీలో ఎవరూ ఆయన పేరు విని ఉండరు. బస్తీల్లో పసిపిల్లల బరువుల కాగితాలు మా సెక్షన్‌కు వచ్చేవి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఏ బిడ్డకైనా పుట్టినప్పటి బరువును నూరనుకుంటే, నెలనెలా అది ఎంతకు పెరిగిందో యంత్రం చూపించేది. ఆ పద్ధతి సార్ పెట్టిందే. కంప్యూటర్‌ను ఆయన కొత్త కోడలనేవారు. "అడిగినదానికే జవాబిస్తది బేటీ, మంచిగ అడుగు" అని నన్ను ఆటపట్టించేవారు. మా అమ్మాయి పక్కింటి పిల్లకంటే బక్కగా ఉందని నేను దిగులుపడితే, "ఎవరి బిడ్డకు వాళ్ళ మొదటి రోజే నూరు. పక్కింటోళ్ళతోని నీకేం పని?" అన్నారు.

ఒకసారి కిషన్‌బాగ్ పాప కాగితంలో పుట్టిన బరువు గడి ఖాళీగా వచ్చింది. దేంతో భాగించాలో తెలియక యంత్రం ఆ వరుసంతా తప్పని చూపించింది. నాకు ఇంటికి పోయే తొందర. మిగతా పిల్లల సగటు, రెండున్నర కిలోలు, ఆ గడిలో వేసేశాను. మూడో నెలలో పాప బరువు మూడు కిలోల రెండు వందల గ్రాములు. నూట ఇరవై ఎనిమిది వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

సార్ కాగితాన్ని కంప్యూటర్ పక్కన పెట్టుకుని రెండూ చూశారు.

"ఇది ఏడికెల్లి తెచ్చినవమ్మా?"

"అందరి సగటు ఏసిన సార్."

"ఖాళీ ఉంటే ఎవరన్న ఎతుకుతరు. నింపినంక ఎవరు ఎతుకుతరు? నడు, పోదాం."

గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది. ఇద్దరం బస్సెక్కి కిషన్‌బాగ్ వెళ్ళాం. పాప తల్లి రేకు పెట్టె అడుగునుంచి ఆసుపత్రి చీటీ తీసింది. పుట్టినప్పుడే మూడు కిలోల వంద గ్రాములు. అంటే నూట మూడు. మూడు నెలల్లో పాప పెరిగింది దాదాపు ఏమీ లేదు. సార్ అప్పటికప్పుడు ఆటో పిలిచి తల్లీబిడ్డల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. దారిలో నాతో, "తప్పు నీది గాదు, నీ జల్దీది" అన్నారు.

కాదు, నాదే. ఆయన ఆ రోజు చూసీచూడనట్టు వదిలేస్తే ఏమయ్యేదో తలచుకోలేను. రుణపడి ఉన్నానని ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు.

మొన్న శాలిబండలో సార్ ఇంటికి వెళ్తే, ముందు ఆ కిషన్‌బాగ్ తల్లి కనిపించింది. చంకలో పాప, ఇప్పుడు రెండేళ్ళది. "జర పట్టుకో అక్కా, లోపల సార్ ఇంటామెను పలకరించొస్త" అని పాపను నాకిచ్చి వెళ్ళింది. పాప బరువుకు నా చెయ్యి కిందికి లాగేసింది. రెండో చంకలోకి మార్చుకున్నాను. పాప నా కొంగు నోట్లో పెట్టుకుంది. తల్లి బయటికొచ్చి చేతులు చాపినా, నేను కాసేపు ఇవ్వలేదు.