సర్ లేని గ్రూపులో గూఢచారి

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మా చేపల పెంపకం కాలేజీలో ప్రతి తరగతికీ ఒక మేయర్ ఉంటారు. ఓట్లేసి ఎన్నుకుంటాం. మా మేయర్ మెర్లీసా, నేనూ ఒకే అద్దె గదిలో ఉండేవాళ్లం. సర్ చెప్పింది అందరికీ చేరవేయడం ఆమె పని. అందుకని ఫోన్లో రెండు గ్రూపులు నడిపేది, ఒకటి సర్ ఉన్నది, రెండోది సర్ లేనిది. మొదటిదాంట్లో "సరే సర్" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. చదువంతా రెండోదాంట్లోనే, తిట్లతో సహా.

వీటికి తోడు కాలేజీ ఫోరం. పాల్మరెస్ సర్ అక్కడ ప్రశ్న పెడితే, ఎవరి పేరుతో వాళ్లు జవాబు రాసి, తోటివాళ్ల జవాబుల మీద చర్చించాలి. దానికి మార్కులు. చర్చ ఏముంది నా మొహం. గ్రూపులో ఒకరు వండింది అందరం ఫోరంలో వడ్డించేవాళ్లం.

ఒకరోజు సర్ క్లాసులో నవ్వుతూ, "ఈ జవాబులు ఎక్కడ తయారవుతున్నాయో నాకు తెలుసు. మళ్లీ జరిగితే తరగతి మొత్తానికి సున్నా" అన్నారు. మెర్లీసా మొహం పాలిపోయింది. సున్నా వస్తే ఆమె స్కాలర్‌షిప్పు పోతుంది. మా కబుర్లను ఎవరో ఫొటో తీసి సర్‌కి మోస్తున్నారని ఆమె తేల్చేసుకుంది.

అక్కడి నుంచి ఆమె కళ్లకు అందరూ దొంగలే. జునెల్ సర్‌ని పలకరిస్తే అనుమానం. గెమ్మా గ్రూపులో చదివి ఊరుకుంటే అనుమానం. నేను స్నానానికి ఫోన్ తీసుకెళ్లినా అనుమానమే.

"లోపల ఎవరితోనే మాటలు?"

"పాటలు వింటున్నా మేయర్. నువ్వూ వస్తావా?"

ఆమె నవ్వలేదు. నాకు ఒళ్లు మండింది.

తర్వాతి ప్రశ్న, తెల్లవారుజామున చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఏం చేయాలని. మెర్లీసా మా ముగ్గురికీ విడివిడిగా ఒక్కో తప్పు జవాబు పంపింది. జునెల్‌కి మేత రెట్టింపు చేయమని, గెమ్మాకి ఉప్పు చల్లమని, నాకు చెరువుకి పైకప్పు వేయమని. ఏ తప్పు సర్ నోట వస్తే ఆ తప్పు అందుకున్నవాళ్లే గూఢచారి. గడువుకి ముందు సరైనది చెప్పేయొచ్చనుకుంది.

మేం ఆగితే కదా. సాయంత్రానికి మూడు తప్పులూ ఫోరంలోకి ఎక్కాయి. ఒక్కోదాని కింద బోలెడు మంది "నేనూ ఒప్పుకుంటున్నా" అన్నారు. పైగా, వివరించిన మేయర్‌కి కృతజ్ఞతలట.

సర్ ఆమెని పిలిచారు. తలుపు దగ్గర నేనూ ఉన్నాను.

"ఎవరు చెబుతున్నారు సర్ మీకు?" అని ఆమే ముందు అడిగింది.

"ఎవరో చెప్పాలామ్మా? పోయినసారి అందరి జవాబుల్లో ఒకటే తప్పు. మీ పేర్లతో మీరే రాశారు. ఈసారి మూడు తప్పులకీ నీ పేరుంది. ఇదేమిటి?"

 ఆమె అక్కడే ఫోరం తెరిచి తన పేరుతో రాసింది: "ఆ మూడు జవాబులూ నేనే కావాలని పంపాను. మీలో ఎవరు మోస్తున్నారో చూడాలని. సరైన జవాబు ఇది: నీళ్లలో ఆక్సిజన్ తగ్గింది, మేత ఆపి, కొత్త నీళ్లు పెట్టాలి."

సర్ సున్నా వేయలేదు. అందరినీ మళ్లీ రాయమన్నారు. స్కాలర్‌షిప్పు దక్కింది.

మర్నాడు క్యాంటీన్లో అందరం నూడిల్స్ తింటున్నాం. జునెల్ ఆమెకి కుర్చీ లాగాడు. గెమ్మా తన గుడ్డు తీసి ఆమె గిన్నెలో వేసింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంతలో గ్రూపులో మెసేజ్ పడ్డట్టు బల్ల మీద ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి, నాది కూడా. మెర్లీసా తన ఫోన్ తీసి చూసుకుంది. దాంట్లో ఏమీ రాలేదు.