నేను తినేసిన పరీక్షకుడు

మా అమ్మమ్మ ఇంగెలిసె డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ఒక కాలేజీ ఆఫీసు గుమాస్తా. జూన్ పరీక్షల్లో ఏ ప్రాజెక్టు ఎవరు చూడాలి, ఎప్పుడు, ఏ గదిలో అన్న ప్లానంతా ఆవిడదే. తొమ్మిదో తరగతితో చదువు అటకెక్కించిన నాకు అదో ఆటలా కనిపించేది.

వంటింటి బల్లమీద పెద్ద కాగితం పరిచి సున్నాలు చుట్టేది, వాటి మధ్య గళ్ళు, బాణాలు గీసేది. గడి అంటే పని. సున్నా అంటే ఆ పనికోసం ఎవరో కాచుకున్న చోటు. సున్నాల పక్కన పేర్లు రాసి, వాటిలో మనిషికొకటి చొప్పున నల్లటి ఉప్పు అతిమధురం బిళ్ళలు పెట్టి ముందుకు జరిపేది. కావలసిన బిళ్ళలన్నీ చేరితేనే గడి దాటాలి. ఇక్కడ ఆగితే కాలేజీలోనూ ఆగుతుందని ఆవిడ నమ్మకం.

కిందటేడు ఆగింది కూడా. పిల్లలు సాయంత్రందాకా వరండాలో నిలబడి ఏడ్చారు. అప్పట్నుంచీ అమ్మమ్మకి జూన్ అంటేనే వణుకు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ కాఫీకి లేచింది. నేనో బిళ్ళ నోట్లో వేసుకున్నాను.

తిరిగొచ్చి జరిపింది. మూడో గడి దగ్గర ఆగింది. మళ్ళీ మొదట్నుంచి జరిపింది. మళ్ళీ అక్కడే. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఒరేయ్ మాల్తె, ఆగిపోతోందిరా."

"బిళ్ళలకి కునుకొచ్చిందేమోలే."

"నవ్వకు. రేపు ఎనిమిదింటికి నలభైమంది వస్తారు."

పరీక్ష వాయిదా వేయించడానికి ఫోనెత్తింది. నేను ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆగు అమ్మమ్మా! స్కౌగార్డ్ గారిని నేను తినేశాను."

"ఎవర్నీ?"

"ఒడెన్స నుంచి రావలసిన పరీక్షకుణ్ణి." నల్లబడ్డ నాలుక బయటపెట్టాను.

చెంప పగులుతుందనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"బయటి ఊరి పరీక్షకుడు లేనిదే మార్కు చెల్లదు. నువ్వొక్కణ్ణి మింగితే నలభైమందీ ఆగిపోయారు. రేపు ఆయన్ని జ్వరం మింగితే?"

వెంటనే రాండర్స్‌లో ఉన్న మరో పరీక్షకురాలికి ఫోన్ చేసింది. "విబెకె గారూ, రేపు ఊరికే వచ్చి కూర్చోండి. పని పడకపోతే కాఫీ తాగి వెళుదురుగాని." ఆ సున్నాలో రెండు బిళ్ళలు పెట్టింది. ఒకటి తీసి చూసింది. అయినా మిగతావన్నీ చివరిదాకా కదిలాయి.

సోమవారం కాఫీ ఫ్లాస్కులు మోసుకుని నేనూ వెళ్ళాను. ఎనిమిదైంది. వరండా నిండా పిల్లలు. స్కౌగార్డ్ గారు రాలేదు, ఫోనూ ఎత్తడం లేదు.

అమ్మమ్మ నావైపు తిరిగింది. "ఏదీ, నాలుక చూపించు."

చూపించాను. ఎర్రగా ఉంది. ఈసారి ఆయన్ని మింగింది నేను కాదు. నాకు నిజంగా భయమేసింది అప్పుడే.

ఇంతలో విబెకె గారు కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి పేరు పిలిచారు.