ఇంగువ సంచిలో పాలసొర

ఆ రోజుల్లో, అంటే మా బాబు పుట్టకముందు, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. క్షీరదాల మీద ప్రశ్న వస్తే అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. కడుపుతో ఉన్నప్పుడు ఫోన్లో ఒక యాప్ పెట్టుకుని, ఈ వారం బిడ్డ నిమ్మకాయంత, వచ్చే వారం వంకాయంత అని ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పేదాన్ని. (మా ఆయన ఒకరోజు "ఈ కూరగాయల సంత ఎప్పుడైపోతాదే?" అని అడిగి, ఆ పూట తన కాఫీ తనే పెట్టుకున్నాడు.) ఇంత చదువుకున్న క్షీరదానికి తీరా బిడ్డ పుట్టాక పాలు రాలేదు.

శ్రీకాకుళంలో ఆ ఆసుపత్రి వార్డు గోడల నిండా తల్లీబిడ్డల బొమ్మలే. తల్లి నవ్వుతూ ఉంటుంది, బిడ్డ పాలు తాగుతూనే నవ్వుతూ ఉంటాడు. ఆ బొమ్మ గీసిన మహానుభావుడికి ఎప్పుడూ పొట్ట మీద కుట్లు పడి ఉండవు. డాక్టరమ్మ గాలిదుమారంలా వచ్చి, "ఫీడ్ చేస్తున్నావా? గుడ్" అని, నేను నోరు తెరిచేలోపే పక్క మంచం దగ్గర ఉండేవారు. ఇక సిస్టరు గారు, "టెన్సన్ పడకూడదమ్మా! టెన్సన్ పడితే పాలు రావు!" అని వార్డు దద్దరిల్లేలా అరిచి నా టెన్షన్ తగ్గించేవారు. రోజూ పొద్దున్నే తూకం. తూచేది వాణ్ని, మార్కులు వేసేది నాకు. "మళ్లీ తగ్గిపోనాడు. ఎమ్మెస్సీ సదివినావంట, ఇదేటమ్మా?" అన్నారు ఆవిడ, సిలబస్‌లో ఉన్న ప్రశ్నే వదిలేశానన్నట్టు. రేపు కూడా బరువు తగ్గితే బాబుని పై అంతస్తులో పిల్లల ఐసీయూకి తీసుకెళ్లిపోతామని చెప్పి వెళ్లారు. అంతే, ఇక నా కళ్లు వార్డు బయటి మెట్ల మీదే. ఎవరు మెట్లు దిగినా మా వాడికోసమే అనిపించేది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మవాళ్లది చీపురుపల్లి. కిరాణా వ్యాపారం, ఉల్లిపాయ కూడా వారం చూసి తరిగే ఇల్లు. మా అత్తవాళ్లది సముద్రపు ఒడ్డు. వేట, చేపల వ్యాపారం. మా పెళ్లికి రెండు వైపుల వాళ్లూ వచ్చారు గానీ, ఒకరి ఇంట్లో ఒకరు మంచినీళ్లు తాగలేదు. నేను చేపలు తింటానని అమ్మకి తెలియదని నేను, తెలిసినా తెలియనట్టే ఉండాలని అమ్మ, హాయిగా కాలక్షేపం చేస్తున్నాం. అలాంటి ఇద్దరినీ నా మంచానికి చెరోవైపు కూర్చోబెట్టిన ఘనత మా బాబుదే.

అమ్మ పథ్యం మొదలుపెట్టింది. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, సొంఠి. నీళ్లు ఎక్కువ తాగకూడదంది. సిస్టరు నీళ్లు బాగా తాగమన్నారు. నేను ఇద్దరి మాటా కాదనలేక, ఒకరు చూస్తున్నప్పుడు తాగుతూ, మరొకరు చూస్తున్నప్పుడు దాహంతో చస్తూ గడిపాను. అత్త మాత్రం ఒకే మందు అంది. పాలసొర. చిన్న సొరచేపని ఉడకబెట్టి, చర్మం తీసి, పొడిపొడిగా చేసి, వెల్లుల్లి దండిగా వేసి వేయించాలి. వాళ్ల ఊళ్లో బాలింత ఉందంటే పొయ్యి మీద అదే.

అయితే ఆసుపత్రిలో బయటి తిండి నిషేధం. (గేటు పక్కనే బజ్జీల బండి ఉండేది. అది బయటి తిండి కిందికి రాదు కాబోలు, గేటు దగ్గర కాపలావాడు రోజూ అక్కడే తినేవాడు.) పప్పూ చారూ తెచ్చేవాళ్లని చూసీ చూడనట్టు వదిలేసే ఆ మనిషి అత్తని మాత్రం ఆమడ దూరం నుంచే పసిగట్టేసేవాడు. "ఏటి, మళ్లీ సేపేనా? ఎనక్కి తీసికెల్లు!" అని క్యారేజీ మూత కూడా తీయకుండానే తిప్పి పంపేశాడు. మా ఆయన ఇలాంటి గొడవ మొదలైనప్పుడల్లా డైపర్లు కొనడానికి వెళ్లేవాడు. ఆ డైపర్లు బాబు నడక నేర్చేదాకా సరిపోయాయి.

ఐసీయూ మాట విన్న రోజు మధ్యాహ్నం నేను దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాను. అమ్మ నా వైపు చూడకుండా దుప్పటి సర్దుతూ, "అది తింటే నిజంగా వస్తాయా వదినా?" అంది. అమ్మ నోట అత్తకి "వదినా" అన్న పిలుపు రావడం అదే మొదలు. అంతవరకూ "ఆవిడ", "వాళ్లు", మరీ తప్పకపోతే "ఏమండీ".

అత్త అమ్మ వైపు తిరిగి, "ఓలమ్మ, నా పిల్లలందరూ దాని మీద పెరిగినోలే వదినా! కానీ నానేటి సెయ్యను? ఆ గేటుకాడోడు నన్ను సూస్తే సాలు, వల నెత్తిన ఎట్టుకొచ్చినట్టు సూస్తాడు" అంది.

"నన్ను ఆపడు కదా" అంది అమ్మ.

ఇద్దరూ కలిసి బయటికెళ్లారు. సాయంత్రం ముందు అత్త ఖాళీ చేతులతో వచ్చింది, వెనకాలే అమ్మ. పట్టుచీర, రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో మా కొట్టు పేరున్న గుడ్డ సంచి. సంచి అడుగున అత్త క్యారేజీ. దాని మీద సొంఠి, మిరియాలు. వాటన్నిటి మీదా మూత తీసిన ఇంగువ డబ్బా. కాపలావాడు సంచిలో ముఖం పెట్టి, వెంటనే వెనక్కి తీసి, "ఎల్లమ్మా, ఎల్లు, ఎల్లు" అన్నాడట, కళ్లు తుడుచుకుంటూ.

మంచం మీద క్యారేజీ తెరవగానే వార్డంతా తల తిప్పింది. సిస్టరు పరుగున వచ్చారు. "ఏటా వాసన?"

"మా కొట్లో ఇంగువండీ. మంచి రకం" అంది అమ్మ, జన్మలో అబద్ధం ఆడనంత ప్రశాంతంగా.

సిస్టరు వంగి ఇంకోసారి వాసన చూశారు. "పాలసొరలో ఇంగువ ఏసిందెవలు? సక్కటి కూర పాడైపోద్ది కదమ్మా!" అని, నా మంచం చుట్టూ తెర లాగి, "బేగి తినీ" అనేసి వెళ్లిపోయారు.

తిన్నాను. ముద్దలు కలిపింది అత్త. ఇంతలో బాబు ఏడవడంతో ఆవిడ చేయి కడుక్కుని వాణ్ని ఎత్తుకుంది, నోటికి అందించింది అమ్మ. చేపని ముట్టుకుంది అమ్మ! కళ్లు మూసుకుని పెట్టిందనుకోండి, మొదటి ముద్ద చెవి దగ్గరికి వచ్చింది.

ఆ రాత్రే పాలు పడ్డాయి. మర్నాడు తూకంలో బాబు తగ్గలేదు. కాస్త పెరిగాడు కూడా. అత్త సొరచేప మహిమ అంది. అమ్మ వెల్లుల్లి కారం అంది. సిస్టరు తన అరుపులేనన్నారు. డాక్టరమ్మ, "ఆపరేషన్ అయితే కొంచెం ఆలస్యమవుతుంది. నాలుగో రోజుకి ఎలాగూ వస్తాయమ్మా" అన్నారు. అంత ముఖ్యమైన ముక్క మొదటి రోజే చెప్పేస్తే మిగతా రోజులకి ఏం మిగులుతుంది?

మొన్న మా ఆడపడుచు అదే ఆసుపత్రిలో పురుడు పోసుకుంది. గుడ్డ సంచి నేనే మోశాను. చీపురుపల్లి నుంచి అమ్మ ఫోన్ చేసి, ఇంగువ సరిపోతుందా అని అడిగింది. (తను మాత్రం ఎన్నడూ చేప మోయలేదని, మోసింది ఇంగువేనని ఇప్పటికీ అంటుంది.) మంచం మీద ఆ పిల్ల తూకం కాటా వైపు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. "ఒసే, తూస్తన్నది పిల్లని, నిన్ను కాదు" అన్నాను.

ఈ పక్కన కాళ్లు చాచి నిద్రపోతున్న మా బాబుని చూస్తూ రాస్తుంటే అనిపిస్తోంది, ఆ రోజు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చిన పిల్లకి కూడా ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదని. చెప్పినా వినేది కాదులెండి. ఎమ్మెస్సీ కదా.